కంప్యూటరు వ్యవస్థల మార్పు - తెలుగు వ్రాతల భద్రత
(సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమును బట్టి యొక పరిశీలనము)

కంప్యూటరునందలి ఆపరేటింగ్ సిస్టమును తొలగించి వేరొక దానిని నెలకొల్పుట కేవలము యంత్రవిద్యకు సంబంధించిన పనియనియు, భాషాశాఖవారు దానిని గూర్చి వ్రాయవలసిన యవసరము లేదనియు తలచువారు పెక్కురు కలరు. ఆ తలంపు సరికాదని మా యభిప్రాయము. తాటాకు నుండి కాగితమునకును, కాగితము నుండి అచ్చునకును మన వాఙ్మయము మారినపుడు ఏవి నిలిచినవి, ఏవి నశించినవి యనునది మన శాఖలలో చిరకాలముగా సాగుచున్న పరిశోధనము. అట్టి మార్పే నేడు మన బల్లలమీదనే జరుగుచున్నది. ఆ మార్పులు శతాబ్దములకొకమారు వచ్చెను; ఇది పదేండ్లలోపుననే మరల మరల వచ్చుచున్నది. ప్రతిమారును కొన్ని తెలుగు వ్రాతలు చదువరాని వగుచున్నవి. అవి యేల చదువరాని వగునో, కాకుండుటకు ఏమి చేయవలయునో విచారించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమును మేము ఎన్నుకొనుటకు కారణము కలదు. బొంబాయి రహదారి వెంట రామచంద్రాపురము దాటినది మొదలు కంది వరకును, ఇరుప్రక్కల బొల్లారము, పాశమైలారము, బొంతపల్లి వరకును కర్మాగారములు వ్యాపించియున్నవి. మెట్ట పంటల పరిశోధనకై 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పటాన్‌చెరులోనే కలదు. 2008లో ఎద్దుమైలారమున తాత్కాలికముగా నారంభమైన ఐ.ఐ.టి. తరువాత కందికి మారినది. ఇన్ని విద్యాసంస్థలును, పరిశ్రమలును గల చోట తెలుగు వ్రాత యెట్లు నడచుచున్నదని చూడగా, అది పెద్ద సంస్థలలో కంటె సంగారెడ్డి వీథులలోని చిన్న డి.టి.పి. దుకాణములలోనే యెక్కువగా కానవచ్చును. కార్మిక సంఘముల కరపత్రములు, పాఠశాలల ప్రశ్నపత్రములు, జాతర ఆహ్వానములు, పెండ్లి పత్రికలు, పదవీ విరమణ సన్మాన సంచికలు, గ్రామచరిత్రలు, కర్మాగారముల గోడలపై అతికించు భద్రతా సూచనలు - ఇవి యన్నియు అచ్చటనే కూర్పబడును. వీనిలో తుదిదానిని చిన్నదిగా ఎంచరాదు. 2025 జూన్ 30వ తేదీన పాశమైలారమునందలి యొక ఔషధ కర్మాగారమున సంభవించిన విస్ఫోటనమున నలుబది మందికి పైగా మరణించిన తరువాత, పని చేయువాని భాషలో, వాడు చదువగల లిపిలో సూచన లుండవలయుననుట వాదమున కెడమిచ్చు విషయము కాదు.

రెండవ కారణము మరింత విచిత్రమైనది. ఈ ప్రాంతముననే, ఆ దుకాణములకు కూతవేటు దూరమున, కంప్యూటరు వ్యవస్థను మార్చు పనిని శాస్త్రమువలె పాటించు కర్మాగారములు కలవు. ఆ సంగతి తరువాత చెప్పుదుము.

ముందుగా ఆపరేటింగ్ సిస్టమన నేమో కొంత వివరింపవలసియున్నది. యంత్రమునకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి, ఏ ఫైలు ఎచ్చట దాచబడినది, ఏ మీట నొక్కినపుడు ఏ సంకేతము పుట్టవలయును, ఆ సంకేతమును తెరపై ఏ యాకృతితో చూపవలయును అను లెక్కలన్నియు చూచుకొను మూల ప్రోగ్రాము అది. తెలంగాణపు పూర్వపు గ్రామ వ్యవస్థ నెరిగినవారికి పట్వారీని జ్ఞప్తికి దెచ్చిన చాలును. పట్వారీ మారినంతమాత్రమున పొలము కదలదు, గట్టు చెరగదు. కాని పాత పట్వారీ గొలుసుకట్టు వ్రాత క్రొత్తవానికి చదువరానిచో, పొలము ఉన్నచోటనే యుండియు యజమానునికి దక్కకపోవచ్చును. కంప్యూటరునందలి తెలుగు వ్రాతకు సంభవించునది సరిగా నిదియే. ఫైలు పోదు, అందలి యొక్క సంకేతమైనను చెడదు. దానిని చదువువాడు మాత్రము ఉండడు.

మన ప్రాంతమున ఈ మార్పు తనంత తాను కోరి చేసినవారు అరుదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2001లో వెలువరించిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మద్దతు నిలిపివేసినది. విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోను సాధారణ మద్దతు ముగిసినది. మద్దతు ముగియుటయనగా యంత్రము ఆగిపోవుట కాదు. భద్రతా లోపములు బయటపడినపుడు సవరణలు రాకపోవుట. ఇంటర్నెట్టుతో సంబంధమున్న యంత్రమునకు అది ప్రమాదము. విండోస్ 11 కావలయునన్నచో టి.పి.ఎం. 2.0 అను భద్రతాంగము యంత్రమున నుండవలయునను నియమము గలదు. కావున నిక్షేపమువలె పనిచేయుచున్న పాత యంత్రములు కూడ మూలబడుచున్నవి. తప్పనిసరియైన మార్పు తొందరలో జరుగును. తొందరలో జరిగిన మార్పున మొదట దెబ్బతినునది తెలుగు వ్రాతయే.

అట్లేల జరుగునో తెలియుటకు, మన వ్రాత యంత్రమున నెట్లు దాచబడినదో చూడవలయును. ఈ భాగము కొంత నిదానముగా చదువ ప్రార్థన.

1990 ప్రాంతముల డి.టి.పి. వ్యాప్తిలోనికి వచ్చిన కాలమున, ఒక ఫాంటులో 256 గడులకు మించి లేవు. అందు కొన్ని యంత్రమునకే పనికివచ్చును. మిగిలిన రమారమి రెండువందల గడులలో తెలుగు నంతయు ఇరికింపవలసి వచ్చెను. గుణింతములు, ఒత్తులు, సంయుక్తాక్షరములు కలిపి లెక్కించినచో మన లిపిలోని రూపములు వేలకు చేరును గదా! కావున ఫాంటుల నిర్మాతలు అక్షరములను ముక్కలు చేసిరి. తలకట్టు ఒక గడి, గుడి యొకటి, కొమ్ము యొకటి, ఒత్తులకు వేరు గడులు, తలకట్టులేని మొండెములకు వేరు గడులు. సీసపు అచ్చుల కాలమున కంపోజిటరు ముక్కలను ప్రక్క ప్రక్కన, క్రింద మీద పేర్చిన విధమునే యంత్రమున కనుకరించిరి. ఇది నిందింపదగిన పని కాదు. ఆనాటి యిరుకున ఇంత చక్కని అచ్చును సాధించుట ప్రజ్ఞయే. అను, శ్రీలిపి మొదలగు ఫాంటుల వరుసలు ఇట్లే వెలసి, పత్రికలను, పాఠ్యపుస్తకములను, మన సాహిత్య గ్రంథములను కొన్ని దశాబ్దములు మోసినవి.

అయితే ఆ గడులు యంత్రము దృష్టిలో తెలుగు గడులు కావు. అవి రోమను అక్షరములకును, ఫ్రెంచి, జర్మను మొదలగు భాషల గుర్తులకును కేటాయించిన గడులు. ఫాంటు అను ముసుగు వేసినంతవరకే అవి తెలుగుగా కనబడును. ముసుగు తీసిన నాడు మన పద్యమంతయు అర్థము లేని రోమను అక్షరముల గుంపు. మరియొక చిక్కు: ఏ ముక్క నే గడిలో నుంచవలయునను నియమము సంస్థకొక విధముగను, ఒక్కొక్కప్పుడు ఒకే సంస్థ ఫాంటులలో వరుస కొక విధముగను ఉండెను. కావున ఆ ఫైలునందు దాచబడినది అక్షరము కాదు. కంటికి కనబడు గీతల జాబితా మాత్రమే.

యూనికోడ్ పద్ధతి దీనికి పూర్తిగా వేరు. భారతీయ లిపులకై మన దేశమున రూపొందిన ఇస్కీ ప్రమాణము ననుసరించి, 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పున తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఇందు దాచబడునది గీత కాదు, వర్ణము. ఒక్క పదమును తీసికొందము: శక్తి. యూనికోడున నిది యైదు సంకేతముల వరుస: 3126 శకారము, 3093 కకారము, 3149 పొల్లు, 3108 తకారము, 3135 గుడి. అనగా శ, క్, త, ఇ అని నోరు పలుకు క్రమమే. పాత ఫాంటులో కూర్చువాడు మొదట శ వ్రాసి, పిదప కకారమునకు గుడి యిచ్చి 'కి' చేసి, దాని క్రింద త-వత్తును తగిలించును. అది కన్ను చూచు క్రమము. మన పిల్లలు పలకమీద వ్రాయునపుడు 'కకు గుడిస్తే కి, కికి తవత్తు' అని వల్లించుటయు నట్టిదే. ఇకారము చేరినది క్తకు గాని కకు కాదని వ్యాకరణము చెప్పును. వ్రాయు చేయి మాత్రము ముందు కకే గుడి కట్టును. పాత ఫాంటులు చేతిని నమ్మినవి. యూనికోడ్ చెవిని నమ్మినది.

ఈ భేదము పండితుల ముచ్చట కాదు. పలుకు క్రమమున దాచిన వ్రాతను అకారాదిగా అమర్చవచ్చును, వెదకవచ్చును, ఒక ఫాంటు నుండి మరియొక దానికి మార్చవచ్చును. నిఘంటువు కూర్చువారికి ఇంతకంటె కావలసిన దేమున్నది? చూపు క్రమమున దాచిన వ్రాతను అచ్చు వేయవచ్చును, అంతే.

ఇక యూనికోడ్ వచ్చినను డి.టి.పి.లో నేల నిలువలేదని యడుగవచ్చును. విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అను తెలుగు యూనికోడ్ ఫాంటు వచ్చినది. అంతకు ముందునుండియు ఉత్సాహవంతులు కొందరు ఇట్టి ఫాంటులకై యత్నించిరి. ఎక్స్‌పీలో మాత్రము సంశ్లిష్ట లిపుల సౌకర్యమును ప్రత్యేకముగా స్థాపించుకొనవలసియుండెను. ఆ సంగతి దుకాణదారులలో పెక్కురకు తెలియనే తెలియదు. అంతకు మించి, మన ముద్రణమంతయు పేజ్‌మేకర్ మీద నడచెను. దాని తుది కూర్పు 2001 నాటిది. దానికి యూనికోడ్ తెలుగు చేతకాదు. తరువాతి ఇన్‌డిజైన్‌నకు భారతీయ లిపులు సరిగా అలవడినది 2012 నాటి సి.ఎస్. 6 కూర్పుతో. అచ్చునకు తగిన అందమైన యూనికోడ్ ఫాంటులు కూడ ఆ ప్రాంతముననే, సిలికానాంధ్ర సంస్థ చొరవతో గిడుగు, గురజాడ, సురవరం, మండలి ఇత్యాది నామములతో, ఉచితముగా లభించినవి. ఇరువది యేండ్లు చేయి తిరిగిన కంపోజిటరు అప్పటికి తన మీటల వరుసను కన్నులు మూసికొని వాడుచుండెను. వాని చేతిని మార్చుమనుట సులభము కాదు.

సంగారెడ్డిలో మేము చూచిన యొక దుకాణమున బల్లపై క్రొత్త యంత్రము, బల్లక్రింద పాత యంత్రము నుండెను. పాతదానికి ఇంటర్నెట్టు తీగ లేదు. ఎవరైన పాత సంచికను మరల అచ్చు వేయుమన్నపుడు మాత్రము దానిని వెలిగింతురు. కొన్ని తెలుగు ప్రోగ్రాములకు తాళపుచెవి వంటి చిన్న పరికరమును యంత్రము వెనుక, ప్రింటరు తగిలించు పాత రంధ్రమున గ్రుచ్చవలసియుండెను. క్రొత్త యంత్రములకు ఆ రంధ్రమే లేదు. 16-బిట్ల నాటి ప్రోగ్రాములు 64-బిట్ల విండోస్ పై నడువవు. టైప్ 1 అను తరగతికి చెందిన ఫాంటులను 2023 జనవరి నుండి అడోబీ సంస్థ తన క్రొత్త కూర్పులలో స్వీకరించుట మానినది. ఇట్లు ఒక్కొక్క తలుపు మూసికొనుచుండగా, బల్లక్రింది యంత్రమొక్కటే యా వ్రాతలకు మిగిలిన పాఠకుడు. దాని డిస్కు చెడిన నాడు ఆ పాఠకుడును పోవును.

ఇచ్చట న్యాయముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. పాత ఫాంటు ట్రూటైప్ తరగతిదై, దాని ప్రతి చేతనున్నచో, క్రొత్త విండోస్‌లోను, లినక్స్‌లోను కూడ దానిని స్థాపించి పాత ఫైలును చూడవచ్చును. సర్వమును నశించినదని గుండెలు బాదుకొన నక్కరలేదు. కాని ఫాంటు నొకచోట, ఫైలు నొకచోట దాచుట మన యలవాటు. రచయితకు ఫైలు నిచ్చి పంపుదురు. ఫాంటు దుకాణముననే యుండును.

విండోస్ నుండి లినక్స్‌నకు మారిన మేలగునా యను ప్రశ్న సహజముగా వచ్చును. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ పై ఆధారపడిన వ్యవస్థలు ఉచితముగా లభించును. మూలబడిన యంత్రములపై నడచును. తెలుగును యూనికోడున బాగుగా చూపును. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారముగా తెలుగు ముఖమున్న వ్యవస్థను రూపొందించినది. ఇంజనీరింగు విద్యార్థులు పెక్కురు ఆ పనిలో పాలుగొనిరి. సి-డాక్ సంస్థ 2007లో బాస్ అను వ్యవస్థను వెలువరించినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు చిరకాలముగా లినక్స్‌తోనే పాఠములు చెప్పుచున్నవి. పుస్తకపు పుటలు కూర్చుటకు స్క్రైబస్ అను ఉచిత ప్రోగ్రాము కలదు. 2024లో వెలువడిన దాని 1.6 కూర్పున భారతీయ లిపులు సక్రమముగా కుదురుకొనినవి. మ్యూనిక్ నగరపాలకులు 2003లో నిర్ణయించి, 2013 నాటికి తమ కార్యాలయముల యంత్రములలో అధికభాగమును లినక్స్‌నకు మార్చి, 2017లో మరల విండోస్‌నకే పోవ నిశ్చయించిరి. వారికి యంత్రముల కంటె పత్రముల నమూనాలను మార్చుటయే శ్రమయైనది. మా మట్టుకు, పాఠశాలలకును, రచయితలకును లినక్స్ తగినదనియే తోచుచున్నది. అయితే వ్యవస్థ ఉచితమైనంత మాత్రమున పాత ఫాంటులో చిక్కిన వ్రాత విడుదల కాదు. మార్పు ఎటునుండి యెటు జరిగినను, ముందు మారవలసినది యంత్రము కాదు, అక్షరము.

అక్షరమును మార్చు ప్రోగ్రాములు కలవు. అను ఫాంటుల నుండి యూనికోడునకు మార్చునవి ఇంటర్నెట్టులోనే దొరకును. వానివలన పనిలో నధికభాగము నిమిషములలో నగును. మిగిలిన కొద్దిభాగమే పరిష్కర్తలకు పని పెట్టును. కూర్పువాడు తెలుగు నడుమ ఆంగ్ల పదమును ఆంగ్ల ఫాంటుతో వ్రాసియుండును. వ్రాతను మాత్రము వేరుచేసి మార్చినపుడు ఫాంటు గుర్తు పోయి, ఆ యాంగ్ల పదము కూడ అర్థములేని తెలుగు ముక్కలగును. కంటి కొకటిగా కనబడిన చాలునని ఒక గీత బదులు మరియొక గీతను కూర్చిన చోట్ల తప్పు తెలుగు పుట్టును. వచనమున ఇట్టి తప్పు ఇట్టే తెలియును, పద్యమున తెలియదు. సంస్కృత సమాసములు నిండిన పద్యమున ఒక ఒత్తు తారుమారైనను చదువరి దానిని పాఠాంతరమని భ్రమించు నవకాశము కలదు. రాబోవు కాలపు పరిష్కర్తకు లేఖక దోషములతో పాటు యంత్ర దోషముల వర్గీకరణము కూడ అవసరమగును.

మరియొక సూక్ష్మము. ఈ ఊరి పేరే తీసికొనుడు: పటాన్‌చెరు. ఇందు నకారపు పొల్లునకును, చెకారమునకును నడుమ కంటికి కనబడని యొక సంకేతము కలదు. వెడల్పులేని ఆ విభాజకము లేనిచో నకారమునకు చ-వత్తు తగిలి 'పటాన్చెరు' అగును. రెండును ఒకే యూరు. యంత్రమునకు మాత్రము రెండు వేరు పదములు. కనబడని యీ గుర్తును పుట్టించు మీటలు వ్యవస్థ వ్యవస్థకు వేరు. కొన్ని కీబోర్డులలో అది యున్నదనియే వాడువారెరుగరు. పాత ఫాంటునందు విభాజకముతో పని లేదు. కూర్పువాడు పొల్లు ముక్కను పెట్టిన పొల్లే నిలుచును. మార్చు ప్రోగ్రాము జాగ్రత్తగా లేనిచో ఆ పొల్లు వత్తుగా మారిపోవును. ఇట్లొక వ్యవస్థ నుండి మరియొక వ్యవస్థకు ఫైళ్ళు ప్రయాణించినపుడు 'పటాన్‌చెరు' అని వెదకినవానికి కొన్ని పత్రములు దొరకును, కొన్ని దొరకవు. దొరకనివి యున్నవని కూడ వానికి తెలియదు.

ఈ కనబడని గుర్తు ప్రపంచ ప్రసిద్ధి పొందిన సందర్భ మొకటి కలదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను తెలుగు అక్షరము వచ్చిన సందేశమును చూపబోయి ఐఫోనులు కుప్పకూలినవి. అందు కారణము మన అక్షరము కాదు. జకార పొల్లు, ఞకారముల తరువాత, దీర్ఘమునకు ముందు ఈ విభాజకము చేరిన యరుదైన వరుసను ఆపిల్ వ్యవస్థ అక్షరములను కూర్చు భాగము సంబాళింపలేకపోయెను. ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పుతో ఆ లోపము సవరింపబడినది. జ్ఞానమును మోయలేక యంత్రము కూలెనని పత్రికలు హాస్యమాడినవి. మేము గ్రహింపవలసిన దేమన, అక్షరమును చూపు పని ఫాంటుది మాత్రమే కాదు. ఆపరేటింగ్ సిస్టమునందలి కూర్పరి భాగముది. ఒకే ఫైలు, ఒకే ఫాంటు ఉన్నను, వ్యవస్థ మారినపుడు వ్రాత రూపు మారవచ్చును.

ఇక కర్మాగారముల సంగతి. పాశమైలారము, బొంతపల్లి ప్రాంతముల ఔషధ కర్మాగారములలో మందు శుద్ధతను పరీక్షించు హెచ్.పి.ఎల్.సి. యంత్రములు కలవు. వానిని నడపునదియు, ఫలితములను దాచునదియు సామాన్యముగా విండోస్ వ్యవస్థ గల కంప్యూటరే. అమెరికాకు మందు లెగుమతి చేయువారు ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ 1997లో ప్రకటించిన నియమములకు లోబడవలయును. పార్ట్ 11 అని పేరొందిన ఆ నియమముల ప్రకారము ఎలక్ట్రానిక్ దాఖలాను మనిషి చదువగల రూపమున, పూర్తిగా, యథాతథముగా ఎప్పుడు కోరిన నప్పుడు చూపగలుగవలయును. దాచవలసిన కాలమంతయు దానిని తిరిగి తీయగల స్థితిలో నుంచవలయును. కావున విండోస్ 7 నుండి 10కి మారుట యచ్చట ఒక మధ్యాహ్నపు పని కాదు. ముందు వ్రాతపూర్వకమైన ప్రణాళిక. పిదప పాత దాఖలాల నకలు. క్రొత్త వ్యవస్థపై తెలిసిన నమూనాను పరీక్షించి పాత ఫలితముతో సరిపోల్చుట. పాత దాఖలాలను కొన్నిటిని తెరచి అంకెలు సరిగా నున్నవో లేదో చూచుట. చూచినవారు తేదీతో సంతకము చేయుట. దీనిని వారు వ్యాలిడేషన్ అందురు. అది ముగియువరకు పాత యంత్రమును తీసివేయరు.

ఒక మాత్రలోని మలినపు పాలును తెలుపు అంకెకు ఇంత రక్షణ! అదే ప్రాంగణపు గోడపై, ఏ పీపాను ఏ పీపా ప్రక్కన నుంచరాదో తెలుపు తెలుగు సూచన ఫైలునకు ఇట్టి రక్షణ యేదియు లేదు. ఆ ఫైలు సంగారెడ్డి దుకాణమున బల్లక్రింద నున్నది. సూచన మార్చవలసి వచ్చినపుడు పాత ఫైలు తెరువరాక, క్రొత్తగా టైపు చేయుదురు. టైపు చేయునపుడు తప్పులు దొరలును. సరిచూచుటకు మూలము లేదు. పాత వ్రాతను తిరిగి చదువగలుగుట బాధ్యతయని అంకెల విషయమున నొప్పుకొన్నవారు అక్షరముల విషయమున నొప్పుకొనకుండుటకు కారణము కానరాదు. ఆ పద్ధతియే మనకును కావలసినది. దానికి క్రొత్త శాస్త్రము అవసరము లేదు. రహదారి దాటి వెళ్ళి అడిగిన చాలును.

అడుగుటకు మరియొక చోటు ఇక్రిశాట్. అచ్చటి జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలగువాని 1,28,000 పైచిలుకు నమూనాలు శీతల గృహములలో నున్నవి. విత్తనమును చల్లగా దాచినంతమాత్రమున వారు తృప్తిపడరు. నిర్ణీత కాలమున కొన్ని గింజలను తీసి మొలకెత్తు శక్తిని పరీక్షింతురు. తగ్గినచో పొలమున నాటి క్రొత్త విత్తనమును తీసి దాతురు. నకళ్ళను నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన నిలయమునకు పంపినారు. ఫైలును డిస్కులో దాచి పదేండ్లు తెరువకుండుట విత్తనమును గాదెలో పోసి మరచుట వంటిది.

ఈ పద్ధతిని మన శాఖలలో ముందుగా వర్తింపదగినవి సిద్ధాంత గ్రంథములు. విశ్వవిద్యాలయ నిధుల సంఘపు 2009 నిబంధనల తరువాత సిద్ధాంత గ్రంథముల ఎలక్ట్రానిక్ ప్రతులు శోధ్‌గంగ నిధికి చేరుచున్నవి. అందు తెలుగు గ్రంథములలో పెక్కింటి పి.డి.ఎఫ్. ప్రతులు పాత ఫాంటులతో చేసినవో, కాగితపు ఛాయాచిత్రములో అయియున్నవి. పుట తెరచి చదువవచ్చును గాని అందొక పదమును వెదకరాదు. ఒక పరిశోధకుడు ఇరువది యేండ్ల క్రింద మెదక్ జిల్లా పలుకుబడులను సేకరించి యుండవచ్చును. నేటి పరిశోధకుడు ఆ పదమునే వెదకినపుడు అతని కృషి కానరాక, మరల మొదటినుండి యారంభించును. పి.డి.ఎఫ్. కన్నులకు నిక్షేపము, వెదకువానికి గోడ. అయినను పి.డి.ఎఫ్. చేయవద్దని మేమనము. వ్యవస్థను మార్చుటకు ముందు, పాత యంత్రముననే, ప్రతి ఫైలునకు నొక పి.డి.ఎఫ్. తీసి యుంచినచో, యూనికోడునకు మార్చిన పిదప సరిచూచుకొనుటకు మూలప్రతి వలె నుండును. ఫైలు, దాని ఫాంటు, ఆ పి.డి.ఎఫ్., మార్చిన యూనికోడ్ ప్రతి - ఈ నాలుగును ఒకేచోట నుండవలయును. ఏ ఫాంటు, ఏ కూర్పు, ఎవరు మార్చిరి, ఎవరు సరిచూచిరి అను వివరము ఒక చిన్న చీటిగా జతపరచవలయును. తాళపత్ర గ్రంథము తుద లేఖకుడు తన పేరును, తిథిని వ్రాసికొన్న గద్యయే యిది.

సరిచూచు పనిని తెలుగు చదివినవారే చేయవలయును. కంప్యూటరు విద్యార్థి 'పటాన్చెరు'ను చూచి సరియే యనుకొనవచ్చును. ఛందస్సు తెలియనివాడు గణము తప్పిన పద్యమును దాటి పోవును. మన స్నాతకోత్తర విద్యార్థులకు పరిష్కరణ శాస్త్రమును బోధించునపుడు తాళపత్రములతో పాటు ఇట్టి ఫైలు నొకదానిని అభ్యాసముగా ఇచ్చుట మేలు.

శాసనముల పాఠములు కూర్చువారికి ఇంకొక హెచ్చరిక యవసరము. యూనికోడ్ ఒక్కమారుగా పూర్తియైన పట్టిక కాదు. దంత్య చ, జలకు 2008లోను, తొలినాటి శాసనములలో కానవచ్చు ప్రాచీనాక్షరము ౚ-కు 2015లోను, నకారపొల్లునకు 2021లోను స్థానములు కలిగినవి. పశ్చిమ చాళుక్యుల నాటి పొట్టలకెరె యీ పటాన్‌చెరే యని చరిత్రకారులు గుర్తించిరి. ఆ కాలపు శాసనములను అధ్యయనము చేయువారు ఈ యక్షరములతో నొక పాఠమును క్రొత్త యంత్రమున సిద్ధపరచి పాత వ్యవస్థ గల మిత్రునకు పంపినచో, అతనికి కానవచ్చునది ఖాళీ గడి. ఆ ఖాళీ గడిని శిథిలాక్షరమని భావించి అతడు చుక్కలు పెట్టినను ఆశ్చర్యము లేదు. వలపలగిలక విషయము మరింత చిక్కు. దానికి వేరు స్థానము లేదు. రకార పొల్లు తరువాత కనబడని సంధాయక మొకటి చేర్చినపుడు, ఫాంటులో ఆ రూపమున్నచో వలపలగిలకగా కనబడును, లేనిచో సామాన్యమైన పొల్లుగనో వత్తుగనో మిగులును. ప్రాచీన ముద్రణముల వర్ణక్రమమును యథాతథముగా చూపదలచినవారు ప్రస్తుతము ఏ ఫాంటులు, ఏ వ్యవస్థలపై దీనిని సరిగా చూపుచున్నవో స్వయముగా పరీక్షించి, ఆ వివరమును తమ పీఠికలో పేర్కొనవలసియున్నది.